చివరి ఆకులు లేని నవల

"సక్కుబాయి గారూ, ఈ నవలకు చివరి ఆకులేవీ?"

కిరణ్మయి అద్దె పుస్తకాల షాపు బల్ల మీద పుస్తకం పడేసింది. గొంతులో కోపం కన్నా ఏడుపే ఎక్కువ.

సక్కుబాయి పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పింది.

"గిది మొదటిసంది గిట్లనే ఉన్నది బిడ్డా."

"ముందే చెప్పొద్దూ?"

"చెప్తే తీస్కపోతవా?"

పక్కన స్టూలు మీద వారపత్రిక తిరగేస్తున్న పెద్దాయన తలెత్తారు.

"ఏ నవలమ్మా?"

"పుణ్యవతి గారిదండీ. భార్య పోయిన నాన్న, చిన్నపిల్ల, పక్కింట్లో దిగిన టీచరు."

"బాగుందా?"

"సగం బాగుంది."

"ఏ సగం?"

"పిల్ల. జ్వరంలో నాన్న చొక్కా పట్టుకుని నిద్రపోతుంది చూడండి, అక్కడ ఏడ్చేశాను."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"రెండో సగం?"

"హీరోనండీ! పెళ్లాం పోయినవాడు రోజూ ఇస్త్రీ చొక్కాతో కారు దగ్గర నిలబడి ఉంటాడా? పిల్లకు జడ ఎవరేస్తున్నారు? పేలు ఎవరు చూస్తున్నారు? వాళ్లిద్దరూ పార్కుకెళ్తే పిల్ల ఇరవై పేజీల దాకా అజాపజా లేదు. ఆ పుణ్యవతి గారు తల్లి లేని ఇల్లు చూసి ఉండరు."

పెద్దాయన పకపకా నవ్వారు. సక్కుబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది.

"జడ సంగతి నిజమే. మొదట్లో రిబ్బను జారిపోతూనే ఉంటుంది. కారు కూడా ఎక్కువే. స్కూటరు చాలు" అన్నారు పెద్దాయన.

"మీరు చదివారా? అయితే చెప్పండి, టీచరు ఒప్పుకుందా?"

"కథకు ఇంత కంగారు పడితే ఎలా అమ్మాయ్?"

కొత్తాయనకు ఎందుకు చెప్పిందో ఆమెకే తెలియదు. హైటెక్ సిటీలో తన ఆఫీసులోనే పనిచేసే జశ్వంత్ పెళ్లి చేసుకుందామని అడిగాడు. అతని భార్య చనిపోయింది. నాలుగేళ్ల కూతురు అనూష ఉంది. 'నీ ఇష్టం, కానీ నాన్చకు. రాత్రికి ఏదో ఒకటి చెప్పు' అంది అమ్మ.

"అతను మంచివాడేనండీ. ఆ పిల్లకు నేనెవర్ని? అదే భయం."

ఆయన వారపత్రిక మూసి, కూకట్‌పల్లి రోడ్డు వైపు తిరిగి కూర్చున్నారు.

"టీచరు అతనికి జవాబు చెప్పదమ్మా. ముందు పిల్ల దగ్గరికి వెళ్లి, మీ అమ్మ ఫోటో చూపిస్తావా అంటుంది. పిల్ల తెచ్చి ఇద్దరి మధ్యా పెడుతుంది. ఇక కబుర్లే కబుర్లు. లేచి వెళ్లబోతుంటే, 'రేపు కూడా వస్తావా?' అంటుంది పిల్ల."

"తర్వాత?"

"అంతే."

"మరి పెళ్లి?"

"అది పెద్దవాళ్ల తిప్పలు."

కిరణ్మయి మొహం విప్పారింది.

"ఈ ముగింపు కోసం ఆవిడ తప్పులన్నీ మాఫీ చేసేస్తున్నానండీ!"

"పుణ్యవతి వింటే సంతోషించేది" అన్నారాయన.

అప్పటికే ఆమె బస్సు వెనక పరిగెడుతోంది.

సాయంత్రం మూసాపేటలో జశ్వంత్ ఇంటికి వెళ్లింది. తలుపు చాటు నుంచి ఒక కన్ను మాత్రం కనిపించింది.

"మీ అమ్మ ఫోటో చూపిస్తావా?"

రెండో కన్ను కూడా బయటికొచ్చింది.

కిరణ్మయి, జశ్వంత్‌ల పెళ్లి ఫోటోల్లో ఒక్కదాంట్లోనైనా వాళ్లిద్దరూ పక్కపక్కన లేరు. మధ్యలో అనూష.

కొన్నాళ్లకు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అదే నవల చిరగకుండా దొరికింది. కిరణ్మయి అక్కడే నిలబడి చివరి ఆకులు చదివింది. పిల్లను ఊటీ హాస్టల్లో చేర్పించి, టీచరూ హీరో వానలో తడుస్తూ నవ్వుకున్నారు.

ఆ రోజు ఇదే చదివి ఉంటే? ఆమె పుస్తకం టప్పున మూసేసింది.

అనూష చెయ్యి పట్టుకుని నేరుగా షాపుకు వచ్చింది.

"ఆ పెద్దాయన ఏరి? నాకు అబద్ధం చెప్పారు. కాళ్లకు దండం పెట్టాలి."

"భీమేశ్వరరావు సారా? పోయిన నెలనే కాకినాడల బిడ్డ దగ్గరికి పోయిండు. జర ముందు రావద్దా?"

"అడ్రసు?"

"ఇయ్యలే. నీ లగ్గం ముచ్చట చెప్తే మస్తు ఖుష్ అయిండు."

కిరణ్మయి నీరసంగా స్టూలు మీద కూలబడింది.

"అసలు ముగింపు ఇంత ఘోరంగా ఉందండీ. ఆయన చెప్పింది ఎంత బాగుంది!"

"గందుకే గా ఆకులు చింపిండు."

"ఆయనా?"

"నా దగ్గరికి గీ నవల కాపీ ఏది వచ్చినా ఆయనకే ముందు ఇయ్యాలె. అచ్చేసినోడు ముగింపు మార్చిండట. గిది నాది గాదు అని చింపి, పైసలు కట్టి పోతుండె."

"ఆయనది కాకపోవడమేంటి? రాసింది పుణ్యవతి గారు కదా?"

సక్కుబాయి అనూషను దగ్గరికి లాక్కుని, జారిపోతున్న రిబ్బను బిగించి కట్టింది.

"పుణ్యవతి ఆయన పెండ్లాం బిడ్డా. పిల్లకు మూడేండ్లప్పుడే తల్లి సచ్చిపోయింది. గామె పేరు మీదనే సారు నవలలు రాసుకుంట, బిడ్డకు జడలేసుకుంట బతికిండు."