ఐదో మోడల్

"మధ్యాహ్నం కాస్త కన్నంటుకుందే. మేలుకొని ఉంటే మీ నాన్న దక్కేవారు," అమ్మ నెత్తి బాదుకుంది.

"ఊరుకో అమ్మా, నీ తప్పేం లేదు," అన్నాను.

"ఆక్సిజన్ తగ్గితే నువ్వు తెచ్చిన మిషన్ మోగుతుందిలే అని ధీమాగా పడుకున్నానే."

పోయిన నెల, ఈ మిషన్లు తయారుచేసే మా ఆఫీసులో, ఆ అలారం సాఫ్ట్‌వేర్‌లో తప్పు బయటపడింది: ఆక్సిజన్ తగ్గినా ఒక్కోసారి మోగదు. ఐదు మోడళ్లకూ అదే సాఫ్ట్‌వేర్. నాలుగింటిని సరిచేశాం. రిస్కు పట్టికలో ఐదో మోడల్ ఎదురుగా నేనే రాశాను: "అమ్ముడైనవి సున్నా. ప్రమాదం లేదు. తర్వాత చూద్దాం."

నాన్న కోసం ఇంటికి తెచ్చిన ఆ మోడల్ శాంపిల్ పీసు అమ్మకాల లెక్కలో లేదు. అది రాసేటప్పుడు నాకూ గుర్తు రాలేదు.

అమ్మ మిషన్‌ని చేత్తో తుడిచి నా ఒళ్లో పెట్టింది.

"పాపం, ఇది మోగే ఉంటుందే. నా మొద్దునిద్రకే వినబడలేదు."