ఉల్టా

ఆదివారం. ఆర్మూర్ మార్కెట్ యార్డులో పసుపు కాంటాలు లేవు. ఖాళీ గచ్చు మీద విమానం పెట్టి, బ్యాటరీ తగిలించాడు భూమేష్.

టీవీలు బాగుచేసే భూమేష్‌కు ఆ రిమోట్ విమానం రెండేళ్ల కష్టం. గాలికి ఒరిగితే దానంతట అదే సర్దుకునేలా ఈమధ్యే గైరో అనే చిన్న డబ్బా బిగించాడు.

నిజామాబాద్ నుంచి ఇంజనీరింగ్ కాలేజీ సారు చూడ్డానికి వస్తున్నారు. బాగా ఎగిరితే ల్యాబులో ఉద్యోగం. లేదంటే మళ్లీ ఆ పాత టీవీలే.

రిమోట్ కోసం అటు తిరిగాడో లేదో, ఎవరో ముసలాయన విమానాన్ని చేతుల్లోకి తీసుకున్నాడు. మాసిన చొక్కా, భుజాన సంచి. చేతులు వణుకుతున్నాయి.

"ఓ పెద్దమనిషీ! కింద పెట్టు!"

ముసలాయన వినిపించుకోలేదు. విమానాన్ని ఎడమకు వంచి, రెక్క చివర పలక ఎటు కదులుతుందో చూశాడు. కుడికి వంచి మళ్లీ చూశాడు.

"ఉల్టా కొడ్తది బిడ్డా."

భూమేష్‌కు ఒళ్లు మండింది.

"ఎగురక ముందుకే గదేం మాట? పొద్దుగాల్నే తాగొచ్చినవా? చేతులు జూడు, ఎట్ల వణుకుతున్నయో!"

"తాగలే బిడ్డా. జర నా మాట..."

"సాలు నీ శకునం! నడువ్ గేటు బైటికి!"

ముసలాయన విమానాన్ని మెల్లగా కిందపెట్టి వెళ్లిపోయాడు.

గంట తర్వాత సారు జీపు దిగారు.

విమానం లేచింది. షెడ్డు దాటగానే గాలి తగిలి ఎడమకు ఒరిగింది. నిలబెట్టాల్సిన గైరో దాన్ని ఇంకా ఎడమకే తోసింది. భూమేష్ రిమోట్‌తో కుడికి ఎంత తిప్పినా మాట వినలేదు. రెండేళ్ల కష్టం షెడ్డు రేకుల మీద పడి తుక్కుతుక్కయింది.

ముక్కలు ఏరుతుంటే గైరో చేతికొచ్చింది. అది ఎటు తోయాలో చెప్పే చిన్న స్విచ్చు దానికే ఒక పక్కన ఉంది. తిరగేసి ఉంది.

ఉల్టా!

ముసలాయన శపించలేదు. తప్పెక్కడుందో చెప్పాడు. భూమేష్‌కు తన నోటి మీద తనకే అసహ్యం వేసింది.

సారు గడియారం చూసుకుంటూ దగ్గరికొచ్చారు.

"ఎగరేసే ముందు మా ప్రభుదాస్‌కు చూపియ్యలేదా? నీకు సాయం ఉంటడని పొద్దున్నే బస్సుల పంపిన కదా."

"ప్రభుదాస్... ఎవరు సార్?"

"మా ల్యాబ్ అసిస్టెంట్. కాలేజీల విమానాలన్నీ ఆయన చేతి మీదనే ఎగిరినయి. వణుకుడు రోగం వచ్చి పని వదిలేస్తుండు," అన్నారు సారు జీపు వైపు నడుస్తూ. "ఎప్పుడో నందిపేట్ పోతూ నువ్వు ఎగరేస్తుంటే చూసిండట, నా జాగల గా పిల్లగాన్నే పెట్టుకోండి అని నెల సంది మమ్మల్ని బతిమాలింది ఆయనే."