కార్డు చూపిస్తేనే

టికెట్ల కిటికీ దగ్గర బిల్లీకి రూలంటే రూలే.

ఆటగాళ్లు తమవాళ్ల కోసం పెట్టే ఉచిత టికెట్లు ఆమె చేతి మీదుగానే పోవాలి. కవరు మీద పేరుండాలి. వచ్చినవాళ్ల దగ్గర ఫొటో ఉన్న కార్డుండాలి. రెండూ కలవాలి. ఓసారి సాక్షాత్తూ ప్రిన్సిపాల్ భార్య కార్డు మరిచిపోయి వస్తే, "ఇంటికెళ్లి తెచ్చుకోండమ్మా, ఆట ఎక్కడికీ పారిపోదు" అని వెనక్కి పంపింది. ఆ దెబ్బతో ఊరంతా జేబులు తడుముకుని మరీ కిటికీ ముందుకు వచ్చేది.

ఓక్లహోమాలో అదొక చిన్న రెండేళ్ల కాలేజీ. బాస్కెట్‌బాల్ ఉన్న రోజే ఆ ఊరికి పండగ. బిల్లీ ఈ చలికాలమే పనిలో చేరింది. ఆట ఉన్న రోజు నలభై మైళ్లు ఒక్కతే కారు నడుపుకుంటూ వస్తుంది. ఇంట్లో గోడలతో మాట్లాడే కంటే ఇక్కడ జనాన్ని కసురుకోవడం నయమంటుంది. ఇన్నాళ్లలో ఒక్క ఆట కూడా చూడలేదు. ఆమెకు వినపడేది గోడ అవతల బంతి చప్పుడు, మైకులో పేర్లు, అంతే.

ఆ పేర్లలో లైల్ ప్రూయిట్ అనే పేరు వచ్చేసరికి చప్పట్లు సగానికి పడిపోయేవి. పైవూరి జట్టు వచ్చిందంటే వాళ్ల జనం తాళంచెవుల గుత్తులు గలగలలాడించేవాళ్లు, జైలు వార్డర్లలాగా. జట్టులో అందరికంటే బాగా ఆడేది లైలే. బస్సులో అతని పక్క సీటు మాత్రం ఎప్పుడూ ఖాళీయే.

లైల్ ప్రతి ఆటకీ ఒకే ఒక్క కవరు తెచ్చి ఇచ్చేవాడు. దాని మీద ఎప్పుడూ ఒకటే పేరు, విల్హెల్మినా హాబ్స్. పదకొండు ఆటలైనా ఎవరూ రాలేదు. మిగిలిపోయిన టికెట్లు చింపెయ్యాలన్నది కూడా రూలే. లైల్ కవర్లను బిల్లీ చింపకుండా సొరుగులో పడేసేది.

"ఎవరయ్యా ఈవిడ? మీ మేనత్తా?" అని అడిగింది ఓ రోజు.

లైల్ అటూ ఇటూ చూశాడు. "నేను చంపినాయన భార్య, మిస్ బిల్లీ."

బిల్లీ చేతిలోని కవరు తిప్పి, దాని మీది పేరు మళ్లీ చదివింది.

"అప్పుడు నాకు పదిహేడేళ్లు. ఎవరిదో కారు ఎత్తుకొచ్చి, తాగి తోలాను. ఆయన డ్యూటీ దిగి ఇంటికి నడిచెళ్తున్నాడు. మూడేళ్లు లోపలున్నాను."

"మరి ఈ కాలేజీవాళ్లు ఎలా తీసుకున్నారు నిన్ను?"

"కోచ్ పోట్లాడాడు. వీళ్లు ఆవిణ్ణి అడిగారంట. 'ఆడుకోనివ్వండి' అని ఒక్క ముక్క రాసి పంపిందంట. ఆవిడ కోర్టుకి కూడా ఎప్పుడూ రాలేదు. మొహం ఎలా ఉంటుందో కూడా తెలీదు నాకు."

"అయితే ఫోన్ చేసి రమ్మను."

"చెయ్యకూడదండీ. ఫోనూ వద్దు, ఉత్తరమూ వద్దు అని జడ్జి చెప్పాడు. టికెట్ పెట్టొద్దనలేదు కదా!"

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. టికెట్ ఉందని ఆవిడకి ఎవరు చెప్తారోయ్?"

"ఎవరూ చెప్పరు. అయినా ఆ సీటు ఆవిడదే. ఇంకెవరూ కూర్చోకూడదు."

చివరి ఆట శనివారం మధ్యాహ్నం పడింది. ఆ రోజు, ఈ ఏడాదితో కాలేజీ వదిలి వెళ్లే ఆటగాళ్లు ఒక్కొక్కరూ తమ ఇంటివాళ్ల చెయ్యి పట్టుకుని మైదానం మధ్యకు నడవాలి, అక్కడ వాళ్లకు పువ్వు ఇవ్వాలి. లైల్ జెర్సీ మీదే కిటికీ దగ్గరికి వచ్చాడు. చేతిలో పసుపుపచ్చ పువ్వుంది.

"వచ్చిందా మిస్ బిల్లీ?"

"లేదు. మీ అమ్మ రాదూ?"

"జైలుకే రాలేదు, ఇక్కడికొస్తుందా?" నవ్వబోయాడు. కుదరలేదు. "పెద్ద కాలేజీలకి పదహారు దరఖాస్తులు పెట్టాను. నేరం చేశావా అన్నచోట అవునని రాశాను. ఒక్కళ్లూ పలకలేదు. ఇంక ఇదే నా ఆఖరాట."

బిల్లీ కవర్లు సర్దుకుంటోంది.

"మీరు నడుస్తారా నాతో? ఒక్క నిమిషమే. అంతమందిలో ఒక్కణ్ణే నడవాలంటే కాళ్లు రావట్లేదు."

"బాగానే ఉంది వరస! టికెట్ లేకుండా నేను మాత్రం లోపలికెలా వస్తాను? రూలు రూలే."

లైల్ తలూపాడు. పువ్వును కిటికీ గట్టు మీద పెట్టాడు. "ఆవిడొస్తే ఇది కూడా ఇవ్వండి."

"కార్డు చూపిస్తేనే," అంది బిల్లీ.

అతను ఉత్త చేతులతో వెళ్లిపోయాడు. కాసేపటికి మైకు మొదలైంది. ఒక్కో కుర్రాడి పేరు, వాళ్లమ్మ పేరు, నాన్న పేరు, వెనకే చప్పట్లు. ఎవరికో చెల్లెళ్లు కూడా వచ్చినట్టున్నారు, కేరింతలు వినిపించాయి. లైల్ పేరు చిట్టచివర వస్తుందని బిల్లీకి తెలుసు. ఆమె ఆ పువ్వునే చూస్తూ కూర్చుంది.

ఉన్నట్టుండి లేచి కిటికీ తలుపు దించేసింది. ఆట రోజున ఆమె అలా చెయ్యడం అదే మొదటిసారి. కోటు తొడుక్కుంది. పువ్వు చేతిలోకి తీసుకుంది. పన్నెండో కవరు బల్ల మీద పెట్టి, పర్సులోంచి తన డ్రైవింగ్ లైసెన్సు తీసింది. కళ్లద్దాలు తుడుచుకుని, రెండూ పక్కపక్కన పెట్టి, రూలు ప్రకారం ఒక్కో అక్షరమే సరిచూసుకుంది.

రెండింటి మీదా విల్హెల్మినా హాబ్స్ అనే ఉంది.