కార్డులో లేని ఫొటో

"కార్డులో ఫొటో ఉన్నవాళ్ల చేతికే పాపని ఇస్తాను. మీ ఫొటో లేదు. ఇవ్వను" అంది ఆయమ్మ, ఎనిమిది నెలల పాపని భుజం మార్చుకుంటూ.

అమ్మమ్మ ఒంటికాలి మీద లేచింది. "నా మనవరాల్ని నాకివ్వడానికి ఫొటో కావాలా? ముక్కు చూడు దానిది, అచ్చం నా ముక్కు! ఇంతకంటే ఏం ఫొటో కావాలి నీకు?"

"ముక్కులు చూసి పిల్లల్నిచ్చే రూలు లేదమ్మా."

పిల్లల్ని చూసుకునే ఆ గది కాలేజీ ఆవరణలోనే ఉంది. చిన్న వయసులో తల్లులైన ఆడపిల్లలు చదువు మానకూడదని ప్రభుత్వం పెట్టిన పథకం అది. తల్లి క్లాసులో, బిడ్డ ఉయ్యాలలో. కాకపోతే జ్వరమొచ్చిన బిడ్డను మిగతా పిల్లల మధ్య ఉంచరు. అరగంట క్రితం థర్మామీటరు నూటొకటి చూపించింది. పన్ను వస్తోంది, భయం లేదని చెప్పి నర్సు మందు వేసింది. అయినా ఇంటికి పంపాల్సిందే.

బిడ్డను తీసుకెళ్లాలంటే కార్డులో ఫొటో ఉండాలి. ఫొటో ఎక్కాలంటే పిల్లల పెంపకం మీద ఆరు శనివారాల క్లాసు పాసవ్వాలి. పాప కార్డులో ఉన్నవి రెండే ఫొటోలు, తల్లిదీ తండ్రిదీ. తండ్రి బ్రెడ్డు వ్యాను తోలుకుంటూ పొరుగూరు వెళ్లాడు. ఫోను ఎత్తడం లేదు. తల్లికి పదింటికి ఆఖరి పరీక్ష. గోడ గడియారంలో అప్పుడే తొమ్మిదీ నలభై. ఈ పరీక్ష తప్పితే పథకంలో సీటు పోతుంది, దాంతోపాటు చదువూ పోతుంది.

"ఆ క్లాసుకి రావే అమ్మా అని నీ గడ్డం పట్టుకుని బతిమాలానా లేదా?" అంది అమ్మాయి. ఆమె చేతిలో హాల్‌టికెట్టు చెమటకి మెత్తబడిపోయింది.

"నలుగుర్ని కని పెంచినదాన్ని! గుడ్డ కట్టడం ఎలాగో నిన్నగాక మొన్న పుట్టిన పిల్లల పక్కన కూర్చుని నేర్చుకోవాలా? మీ ఆయనకి మీసమే సరిగ్గా మొలవలేదు, అతనికి కార్డు! నాకు లేదు!"

"ఆయన పాసయ్యాడు. నువ్వు గడప తొక్కలేదు."

ఆయమ్మ మధ్యలో దూరింది. "పోనీ, పాప తాతగారు..."

"ఆయనా!" అమ్మమ్మ ఏడవలేక నవ్వింది. "కూతురు నీళ్లోసుకుందని తెలిసిన రోజే ఆ బిడ్డ మొహం చూడనని ఒట్టేశాడు. పాప ఏడిస్తే రేడియో సౌండు పెంచుతాడు. అది దేక్కుంటూ వెళ్లి కాలు పట్టుకుంటే, పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చుంటాడు మహానుభావుడు."

"నాన్నకి మాత్రం చెప్పొద్దు ఆయమ్మా. 'చదువూ వద్దు, ఏమీ వద్దు, ఇంట్లో కూర్చో' అంటాడు" అంది అమ్మాయి.

ఆయమ్మ ఏదో చెప్పబోయి ఆగింది. గడియారం వంక చూసింది. పాపతో సహా లోపలి గదిలోకి వెళ్లి ఎవరికో ఫోను చేసింది.

తొమ్మిదీ యాభై. మొదటి గంట కొట్టారు. అమ్మాయి పరీక్ష హాలు వైపు నాలుగడుగులు వేసింది, మళ్లీ వెనక్కి వచ్చింది.

"పోవే! నేనిక్కడే కూర్చుని ఈ ఆయమ్మ ప్రాణం తోడేస్తాగా!"

"మూడు గంటలు కూర్చుంటావా? ఒళ్లు కాలుతున్న పిల్లని అంతసేపు గుమ్మంలో పెట్టుకుంటారా? వచ్చే ఏడు రాస్తాలే అమ్మా."

"వచ్చే ఏడా..." అంది అమ్మమ్మ. అంతవరకూ అరిచిన మనిషి చప్పున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇంకో ఐదు నిమిషాలు. హాలు దగ్గర వాచ్‌మన్ తలుపు రెక్క ఒకటి మూశాడు. అదే సమయానికి గేటు బయట స్కూటరు ఆగింది. దిగిన మనిషి వంటి మీద బస్సు డిపో మెకానిక్కు దుస్తులు, మోచేతుల దాకా గ్రీజు. అమ్మాయి హాల్‌టికెట్టు వెనక్కి దాచుకుంది.

నాన్న!

"కొంప మునిగింది" అంది అమ్మమ్మ.

ఆయన ఎవరి మొహమూ చూడలేదు. విసవిసా కుళాయి దగ్గరికి వెళ్లి, సబ్బు పెట్టి, రెండు చేతులూ రుద్ది రుద్ది కడిగాడు. అప్పుడు కూతురి వైపు తిరిగి ఒక్క అరుపు అరిచాడు.

"ఇంకా ఇక్కడే నిలబడ్డావేం? గంట వినపళ్లా? పరిగెత్తు!"

అమ్మాయి పరిగెత్తింది. వెనక్కి చూస్తూ, తూలుతూ, చెప్పు ఒకటి ఊడితే అక్కడే వదిలేసి పరిగెత్తింది. రెండో రెక్క మూసుకునేలోగా లోపల పడింది.

ఆయమ్మ పాపని తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. ఏ కార్డూ తిరగెయ్యలేదు. పాప ఆయన చొక్కా గుండీ దొరకబుచ్చుకుంది. ఆయన పాపని బల్ల మీద పడుకోబెట్టి, తడిసిన గుడ్డ విప్పి, మూడు మడతల్లో పొడిది కట్టి మళ్లీ భుజాన వేసుకున్నాడు. అంతా రెప్పపాటులో అయిపోయింది.

అమ్మమ్మ నోరు తెరిచింది. మూయడానికి కాస్త సమయం పట్టింది. మూసుకోగానే పాత కోపం తన్నుకొచ్చింది.

"ఏమ్మా, ముక్కు చూపించినా నాకివ్వలేదే! మరి ఈయన్ని ఫొటో అడగవేం?"

"కార్డులు క్లాసు పాసైనవాళ్లకమ్మా" అంది ఆయమ్మ. "రెండు నెలల్నుంచి ఆ క్లాసు చెప్పేదే ఈయన."