ఒకటింపావు ఎక్కం

చిన్నప్పుడు మరాఠీ బడిలో తనకు చదువు చెప్పిన ముసలి గురూజీ దుకాణానికి వచ్చి కూర్చోగానే, బట్టల వ్యాపారి ప్రహ్లాద్ నాలుగో తరగతి కూతురిని ముందుకు నెట్టాడు.

"ఒకటింపావు ఎక్కం చెప్పు పల్లవీ. ఇది రాలేదనే ఈయన నా వేళ్ల కణుపులు వాయగొట్టిండు."

"ఈ యేడు మారిన సర్కారు పుస్తకంల అది లేదు. గల్లా మీద కాల్‌క్యులేటర్ ఉండంగ పిల్లకెందుకు?" అంది తల్లి గిరిజ.

"బడి చెప్పకున్నా నేను నేర్పిన. ఈయన వినాలె."

పల్లవి గడగడా చెప్పి పన్నెండు దగ్గర ఆగిపోయింది. ప్రహ్లాద్ గుడ్డ కొలిచే మీటరు బద్ద అందుకున్నాడు.

అడగకుండానే పిల్ల వేళ్లు ముడిచి, కణుపులు పైకి పెట్టి చేయి చాపింది.

"ఇలా చాపాలని నీకెవరు నేర్పారు?" గురూజీ మరాఠీలో అడిగాడు.

గిరిజ భర్త చేతిలోని బద్ద లాక్కుంది.

"మీ శిష్యుడే గురూజీ."