గ్రెస్క్ అనే మాట

"గ్రెస్క్" అనమంటే దీనమ్మ ఆ పూట కూడా "గ్రీస్క్" అంది.

సామ్యూల్ సర్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"గ్రీకు భాషని డేనిష్‌లో గ్రెస్క్ అంటారండీ. మనిషైతే గ్రేకర్. 'ర' గొంతులోంచి రావాలి. ఇలా చూడండి."

చూపించడానికి కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.

నిజానికి ఆ మాట దీనమ్మకి ఎప్పుడో వచ్చేసింది. తప్పు పలికితే తప్ప ఆయన దగ్గరికి జరగరు. అరవై దాటిన ఆడమనిషికి ఇవేం వేషాలని షికాగో పక్కనున్న ఈ నేపర్‌విల్ తెలుగు చర్చిలో ఎవరైనా వింటే బుగ్గలు నొక్కుకుంటారు. నొక్కుకోనీ.

కుర్రతనంలో డెన్మార్క్‌లో చదివి, షికాగోలో కాలేజీ పిల్లలకి గ్రీకు చెప్పి రిటైరైన మనిషాయన. పాఠం మొదలెడితే చాలు, ముఖంలోకి కళ వచ్చేస్తుంది. ఆ ముఖం చూడ్డానికే దీనమ్మ వస్తుంది.

"అసలిది రోమన్లు పిలిచిన పేరు. లాటిన్ నుంచి జర్మన్ల మీదుగా డేనిష్‌లోకి వచ్చింది. గ్రీకులు మాత్రం తమని తాము హెల్లీన్లు అనే అనుకుంటారు."

"మరి ఇంకొకళ్ళు పెట్టిన పేరుతో పిలిస్తే పలుకుతారా సర్?"

"పలక్కేం చేస్తారు? అలవాటైపోయుంటుంది."

దీనమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.

"ఇంత ఈజీ వర్డ్ కూడా రావట్లేదంటే ఈ లాంగ్వేజ్ మీకు వద్దులెండి. రేపట్నుంచి క్లాస్ ఆపేద్దాం" అన్నారు సర్.

దీనమ్మ చటుక్కున ఇటు తిరిగింది. ఈ కాసేపూ లేకపోతే రోజంతా ఏం చూసుకుని బతకాలి?

"గ్రెస్క్!" అంది గబగబా. గొంతులోంచి, అచ్చం ఆయనలాగే.

సర్ చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. ఆ వెంటనే ఏదో గుర్తొచ్చినట్టు మొహమాటపడ్డారు.

"ఏమీ అనుకోకండి. రోజూ ఇలా ఒంటరి మగాడి ఇంటికి వస్తుంటే మీవారు ఏమీ అనరా?"

"అనరు సర్. నేను చదువుకోవాలని నాకంటే ఆయనకే ఎక్కువ కోరిక."

"లక్కీ అండీ మీరు. రేపు ఇదే టైమ్‌కి వచ్చేయండి."

"వస్తాను సర్" అని తలుపు దగ్గరగా వేసి, వంటింట్లోకి వెళ్ళి బ్యాగు పక్కన పెట్టి, స్వెట్టర్ విప్పి నర్సు కోటు తొడుక్కుని, దీనమ్మ తన భర్తకి మధ్యాహ్నం అన్నం కలుపుకుని వచ్చి మళ్ళీ అదే తలుపు తట్టింది.