ఏరి పెట్టిన కార్డులు

"మొదటి మ్యాచ్ కార్డు వద్దు తమ్మీ. దాన్ని అందరూ దాచుకుంటరు" అంటూ రాజలింగం దేవేందర్ చేతిలోని కార్డును పక్కకు జరిపాడు. "గిది చూడు. టీమ్‌ల నుంచి తీసేసినంక, కష్టపడి మళ్ల తిరిగొచ్చిన ఏడాదిది. పిలగాని దగ్గర ఇసుంటిది ఉండాలె."

దుబాయ్ పక్కన సజ్జా లేబర్ క్యాంపులో శుక్రవారం మధ్యాహ్నం. ఇనుప మంచం నిండా క్రికెట్ కార్డులు. రాజలింగం ఊడ్చే సూపర్‌మార్కెట్లో చినిగిన చూయింగ్ గమ్ ప్యాకెట్లను చెత్తలో వేస్తారు. వాటిలోని ఆటగాళ్ల బొమ్మలను తుడిచి, ఊళ్లో ఉన్న కొడుకు కోసం దాస్తూ వచ్చాడు. ఇప్పటికీ తియ్యటి పుదీనా వాసన పోలేదు.

దేవేందర్ నవ్వబోయాడు. రాలేదు. ఆ కొడుకు నిన్న సాయంత్రం పొలంలో మోటారు దగ్గర కరెంటు తగిలి పోయాడు. కబురు హన్మాండ్లు సెల్‌కు వచ్చింది. అతనిదీ రాజలింగం ఊరే. పిల్లవాణ్ణి ఐసుపెట్టెలో ఉంచి తండ్రి కోసం చూస్తున్నారు. "మీ అవ్వకు పానం మంచిగ లేదట, ఒకపారి పోయిరా" అని ఇద్దరూ కలిసి రాజలింగానికి అబద్ధం చెప్పారు. దుబాయ్ రూముల్లో అదే ఆనవాయితీ. కిందటేడు పక్కగదిలో ఒకతనికి నిజం చెప్పేస్తే విమానాశ్రయంలో కూలబడ్డాడు. ఎక్కనివ్వలేదు. తండ్రి కడచూపు దక్కలేదు. రాజలింగం విమానం ఎక్కేదాకా దేవేందర్ నోరు జారకూడదు.

"మీ పోరడు ఏ చేత్తో ఆడుతడు తమ్మీ?"

"ఎడమ చెయ్యే. బువ్వ గూడ ఆ చేత్తోనే తింటడు. వాళ్లమ్మ ఒకటే తిట్టుడు."

"తిట్టద్దని చెప్పు." రాజలింగం ఇంకో కార్డు తీశాడు. "ఈయన చూడు. దెబ్బ తాకిన వేలుతోని ఆఖరుకు దిగిండు. కొట్టింది రెండే పరుగులు. గని నిలబడ్డడు."

మాట పెరిగితే ప్రమాదమని దేవేందర్ తానూ ఏరడం మొదలుపెట్టాడు. ఒక కార్డు అందిస్తే రాజలింగం తల అడ్డంగా ఊపాడు. ఇంకొకటి అందిస్తే తీసుకున్నాడు.

"నీకు ఎడమచేతోళ్లంటే పావురమా అన్నా?"

"వాళ్ల ఆట సూడముచ్చటగ ఉంటది."

కార్డుల మధ్య ఊరికి మాట్లాడుకునే ఫోన్ కార్డు ఒకటి, నంబరు గీకేసినది, కనిపించింది. రాజలింగం దాన్ని తీసి చెత్తబుట్టలో వేశాడు. పొద్దున క్యాంపు ముందరి బకాలా కొట్టుకు చాయ్‌కని పోయి చాలాసేపటికి వచ్చిన దగ్గర్నుంచీ అతను ఇలాగే నెమ్మదిగా ఉన్నాడు. అవ్వ గురించిన బెంగ కాబోలు.

హన్మాండ్లు తలుపు తోసుకుని వచ్చాడు. "ఆఫీసుల ముదీర్ సారు పాస్‌పోర్ట్ ఇచ్చిండు. యల్లా, జల్ది నడువుండ్రి, టాక్సీ ఆగింది."

"మీరు నడువుండ్రి. బ్యాగు జిప్పు పెట్టుకోని వస్త."

టాక్సీ దగ్గర రాజలింగం దేవేందర్ భుజం మీద చెయ్యి వేశాడు. "పొద్దటి సంది కడుపుల పెట్టుకోని చూసుకున్నవ్ తమ్మీ. మనసుల ఏం పెట్టుకోకు."

టాక్సీ మలుపు తిరిగాక దేవేందర్ గట్టిగా ఊపిరి వదిలాడు. రహస్యం నిలిచింది.

గదిలోకి వచ్చి తన మంచం మీద వాలబోతే దిండు కింద ఏదో గట్టిగా తగిలింది. రబ్బరుబ్యాండు వేసిన కార్డులు.

"మర్చిపోయిండా ఏంది?" హన్మాండ్లు వాటిని అందుకుని ఒక్కొక్కటే తిప్పాడు. "అందరూ ఎడమచేతోళ్లే ఉన్నరు."

"కొడుకు కోసమని ఏరిండు."

హన్మాండ్లు చేతులు ఆగిపోయాయి.

"వాడు కుడిచేత్తో ఆడుతుండె గద."